సముద్రపు నాచుతో వెలిగిన ముహూర్తం లైటు

నేను ఉద్యోగం చేసిన చోటు గురించి చెబితే ఇప్పటి పిల్లలు ముందు నవ్వుతారు. నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. సముద్రపు నాచును కాల్చి ఇంధనం తీసే పని అది. అలాంటి పని సముద్రం ఒడ్డున చేయాలని ఎవరికైనా తోస్తుంది. మేము ఫిల్మ్‌నగర్‌లో చేశాం. చుట్టూ కొండరాళ్లు. తాగే నీళ్లకే ట్యాంకరు కోసం ఎదురుచూడాలి. సముద్రం చూడాలంటే రాత్రంతా రైల్లో కూర్చోవాలి. ఎనభైల చివరి సంవత్సరాల్లో నేను అక్కడ కెమిస్టుని.

అక్కడే ఎందుకు పెట్టారంటే, డబ్బు పెట్టే మనిషి అక్కడున్నాడు కాబట్టి. ఆయన సినిమా నిర్మాత. కోస్తా నుంచి వచ్చి జూబ్లీహిల్స్‌లో ఇల్లు కట్టుకున్నారు. షూటింగుల్లో జనరేటర్ వ్యాను తాగే డీజిలు చూసి ఆయనకు కడుపు మండేది. తమ ఊరి ఒడ్డున కుళ్లిపోయే నాచులోంచి గ్యాసు తీయొచ్చని ఎవరో చెవిన వేశారు. అంతే, పట్టుకున్నారు. కానీ కళ్లెదుట జరగని పనిని ఆయన నమ్మరు. అందుకని ఫిల్మ్‌నగర్‌లో సెట్టింగు సామాను దాచుకునే షెడ్డులో సగం మాకు ఇచ్చారు. ఆ సగంలో అట్ట సింహాసనాలు, థర్మోకోల్ స్తంభాలు, ముక్కు విరిగిన ద్వారపాలకులు. ఈ సగంలో మా బట్టీ.

దానికి పెద్ద మా సారు. ప్రభుత్వ ప్రయోగశాలలో మంచి ఉద్యోగం చేసేవారు. నాచు మీద పనిచేస్తానని అక్కడ ఎన్నిసార్లు అడిగినా ఫైలు కదల్లేదు. విసిగిపోయి రాజీనామా ఇచ్చి, ఈ నిర్మాతను నమ్ముకుని వచ్చేశారు. హైదరాబాదులో పుట్టి పెరిగిన మనిషి. సముద్రాన్ని మొదటిసారి పెళ్లయ్యాకే చూశానని తనే చెప్పేవారు. కోపం ముక్కు మీదే ఉండేది, కానీ ఎంత త్వరగా వచ్చేదో అంత త్వరగా పోయేది.

నేను ఒడ్డున పుట్టిన పిల్లని. నాచు అంటే కాలు జారే వస్తువని తప్ప వేరే గౌరవం నాకెప్పుడూ లేదు. కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదివి, హైదరాబాదులో మా అత్త ఇంట్లో ఉంటూ ఈ ఉద్యోగంలో చేరాను. సినిమావాళ్ల దగ్గర ఉద్యోగమంటే మా నాన్న ఒప్పుకోరని, బొగ్గు తయారుచేసే కంపెనీ అని చెప్పాను. అబద్ధమేమీ కాదు. బొగ్గు అనగానే ఆయన నిశ్చింతగా ఊరుకున్నారు.

పని సూత్రం చెప్పడం తేలిక. ఎండిన నాచును ఇనుప పీపాలో దట్టించి, మూత బిగించి, లోపలికి గాలి పోకుండా కింద నుంచి మంట పెట్టాలి. గాలి లేదు కాబట్టి నాచు మండదు, మాడుతుంది. అందులోంచి వచ్చే ఆవిరిని గొట్టం గుండా బయటికి తెచ్చి చల్లబరిస్తే నల్లటి నూనె దిగుతుంది. చల్లబడనిది గ్యాసు. పీపాలో మిగిలేది బొగ్గు. దీన్ని పైరోలిసిస్ అంటారు. బోరబండ నుంచి గుట్ట దాటి నడిచొచ్చే మా మేస్త్రి మాత్రం ‘నాచును ఉడకబెట్టుడు’ అనేవాడు. నూనెను మళ్లీ బట్టీ కింద మంటకే వాడేవాళ్లం. గ్యాసును నీళ్లలో కడిగి, రంపపుపొట్టులోంచి వడగట్టి, డ్రమ్ములో నిలవ చేసేవాళ్లం. గోబర్ గ్యాసు ప్లాంటులో నీళ్లలో బోర్లించిన డ్రమ్ము ఉంటుంది చూడండి, అలాంటిది. గ్యాసు నిండేకొద్దీ పైకి తేలుతుంది, వాడేకొద్దీ దిగుతుంది. ఆ గ్యాసుతో ఒక చిన్న ఇంజను నడిపి కరెంటు పుట్టించాలి.

చెప్పడానికి తేలికైనవన్నీ చేయడానికీ తేలికైతే నేనిదంతా రాయక్కర్లేదు. సముద్రం ఉప్పగా ఉంటుందని తెలియనివాళ్లుండరు గానీ, ఆ ఉప్పు ఇనుప గొట్టాన్ని ఎంత త్వరగా తినేస్తుందో మాకు తెలియలేదు. మొదటి వేసవిలోనే గొట్టాలు జల్లెడలయ్యాయి. నాచును మంచినీళ్లతో కడిగితే తప్ప లాభం లేదని తేలింది. మంచినీళ్లు ఎక్కడున్నాయి? ఆ కొండ మీద పెద్ద పెద్ద హీరోలే బకెట్లు పట్టుకుని ట్యాంకరు దారి చూస్తున్నారు. మేము ట్యాంకరు నీళ్లు తెప్పించి నాచుకు స్నానం చేయిస్తుంటే దారిన పోయేవాళ్లు ఆగి చూసి, మాకు పిచ్చెక్కిందని నిర్ణయించుకుని వెళ్లిపోయేవారు.

బట్టీ చల్లారకముందే మూత తీస్తే, లోపలి వేడి బొగ్గు గాలి తగలగానే భగ్గున అంటుకునేది. ఒకసారి నిర్మాతగారు బొగ్గు చూడాలని పట్టుబట్టారు. తీశాం. ఉప్పు వల్ల మంట పసుపుపచ్చగా నిలువెత్తు లేచింది. ఆయన ముగ్ధులైపోయారు.

“అబ్బ, ఏం రంగండీ ఇది. మా కెమెరామెన్‌కి చూపించాలి. మళ్లీ ఒకసారి తీయండి” అన్నారు.

వారం రోజుల పని బూడిదైందని ఆయనకు తట్టలేదు. సారు అటు తిరిగి ఉర్దూలో ఏదో అనుకున్నారు.

ఇక వాసన సంగతి. నాచు మాడే వాసన ఎలా ఉంటుందో మాటల్లో చెప్పలేను. చేపల మార్కెట్టు తగలబడిందనుకోండి, దగ్గరగా వస్తుంది. పక్క స్థలంలో పాట షూటింగు జరుగుతున్న రోజున ఒక అసిస్టెంట్ డైరెక్టరు రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని వచ్చాడు.

“ఏవండీ, ఇక్కడ చేపలేమైనా వేపుతున్నారా? మా హీరోయిన్‌గారు ముక్కు మూసుకుని డాన్సు చేయలేకపోతున్నారు.”

“చేపలు గాదు, సముద్రాన్నే వేపుతున్నం. ఆమెను జర ఓపిక పట్టమను” అన్నారు సారు, తల కూడా ఎత్తకుండా.

ఇవన్నీ ఇప్పుడు నవ్వుకుంటూ రాస్తున్నాను. ఒక్క విషయం మాత్రం అప్పుడు నవ్వులాటగా ఉండేది కాదు. ఆ షెడ్డులో నా మాటకు విలువ లేదు. నిర్మాతగారికి కుడిభుజంలాంటి ప్రొడక్షన్ మేనేజరు ఒకాయన ఉండేవారు. నేనేదైనా చెబితే ఆయన నా వైపు కాకుండా సారు వైపు చూసి “ఏమంటారు సారూ?” అనేవారు. సారు మంచివారే, నేను రాసిచ్చిన లెక్కల్ని కళ్లకద్దుకునేవారు. కానీ అదే సంగతి నోటితో చెబితే “చూద్దాం తియ్యమ్మా” అని దాటేసేవారు. రెండేళ్లలో నా నోటి మాట మీద ఒక్క వాల్వు కూడా తిరగలేదంటే నమ్మండి.

ఆ రెండేళ్లూ గడిచాక ఒకరోజు నిర్మాతగారు వచ్చి మా ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

“సారూ, డిస్ట్రిబ్యూటర్లు నవ్వుతున్నారండీ. సినిమా ఎప్పుడని అడగడం మానేసి, నాచెలా ఉందని అడుగుతున్నారు. అందుకని ఒకటి అనుకున్నాను. కొత్త సినిమా ముహూర్తం ఈ షెడ్డులోనే పెడతాను. పూజగది సెట్టు వేయిస్తాను. మొదటి షాటుకి లైటు మీ గ్యాసుతోనే వెలగాలి. జనరేటర్ వ్యాను పిలవను, కరెంటు తీగ కూడా లాగనివ్వను.”

సారు చేతిలోని గొట్టం ముక్కను కింద పెట్టారు.

“షాటు అయ్యేదాకా లైటు నిలబడిందనుకోండి, మా ఊరి ఒడ్డునే పెద్ద బట్టీ కట్టిస్తా, మీరే చూసుకోండి. ఆరిపోయిందా, ఆ సాయంత్రానికి ఈ షెడ్డు ఖాళీ. నా మీద కోపం పెట్టుకోకండి. ముహూర్తం లైటు ఆర్పిన వస్తువుని నేను ఇంకొక్కరోజు ఉంచుకోలేనండీ.”

సినిమావాళ్లకు ముహూర్తమంటే ఏమిటో బయటివాళ్లకు అంత సులువుగా అర్థం కాదు. పంతులుగారు పెట్టిన ఘడియలో మొదటి షాటు తీయాలి. ఆ షాటులో మాట కూడా మంచి మాటే ఉండాలి. క్లాపు జారినా, కెమెరా ఆగినా, లైటు ఆరినా ఆ సినిమా పని అయిపోయినట్టే. కొనడానికి వచ్చిన డిస్ట్రిబ్యూటర్లు భోజనం చేసి మర్యాదగా నమస్కారం పెట్టి వెళ్లిపోతారు, మళ్లీ రారు.

ఆయన వెళ్లాక సారు చాలాసేపు పీపా వైపు చూస్తూ కూర్చున్నారు. ఆ కోపిష్టి మనిషి గొంతు అంత మెత్తగా రావడం నేను వినడం అదే మొదటిసారి.

“సర్కారు నౌకరి ఇడిచిపెట్టి వచ్చిన. అక్కడోళ్లంతా నవ్విండ్రు. ఇది గిట్ల వోతే మళ్ల ఎవల తలుపు కొట్టాలమ్మా? నాకు ఇంకో పని రాదు.”

ఆ మాట విన్నాక ఆ లైటు నాకు నిర్మాతగారి ముహూర్తం లైటు కాకుండా పోయింది. అది మా సారు లైటు.

మేం చేయగలిగిందంతా చేశాం. నాచును మూడు నీళ్లలో కడిగి, అప్పడాల్లా ఎండబెట్టాం. మేస్త్రి గొట్టాలన్నీ విప్పి, లోపల పేరుకున్న తారు గోకి మళ్లీ బిగించాడు. డ్రమ్ము నిండుగా తేలింది. లైట్‌మెన్ ‘బేబీ’ అని పిలిచే చిన్న స్టూడియో లైటు తెచ్చి వెలిగించి చూశాం. కావలసినదానికన్నా ఎక్కువసేపే కన్నార్పకుండా వెలిగింది.

“ఫికర్ జెయ్యకుండ్రి సారూ. పెండ్లి రాత్రంత లైటు పెట్టుమన్నా పెడ్త” అన్నాడు మేస్త్రి.

పేచీ పూజ దగ్గర వచ్చింది. కెమెరాకు ఎలా పూజ చేస్తారో ఇంజనుకూ అలాగే చేయాలన్నారు మేనేజరుగారు. దీపం, సాంబ్రాణి, కర్పూర హారతి. సారు అంతెత్తున లేచారు.

“గ్యాసు పక్కన అగ్గి వెడ్తరా? ముహూర్తం కాదు, అందరం కల్సి పైకి వోతం.”

“యంత్రానికి హారతివ్వకుండా స్విచ్చి వేయడం ఎక్కడైనా ఉందాండీ?”

వాదించి వాదించి చివరికి ఒప్పందానికొచ్చాం. నిప్పు సంబంధమైనవన్నీ షెడ్డు ఆ చివర, కెమెరాకు. ఇంజనుకు బొట్టు, పూలు మాత్రమే. పూలతో ఏమైతది, పెట్టుకోనీ అన్నారు సారు. నేనూ హమ్మయ్య అనుకున్నాను. నిప్పు తప్పించామని మా ఇద్దరికీ గొప్ప తృప్తి.

ముహూర్తం రోజు పొద్దున నేను బస్సు దిగి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుంచి నడిచి వెళ్లేసరికి షెడ్డు బయట అన్నీ కార్లే. లోపల మా తారు మరకల గోడలు కనిపించకుండా పట్టుతెరలు కట్టేశారు. మామూలుగా జనరేటరును ఎక్కడో దూరంగా దాస్తారు. ఇక్కడ ఇంజనుదే గొప్ప కాబట్టి, సెట్టు అంచునే ఒక దిమ్మ మీద ఎక్కించి, పొగ గొట్టాన్ని కిటికీలోంచి బయటికి పెట్టారు. చప్పుడు గురించి బెంగ లేదు. ఆ రోజుల్లో మాటలన్నీ తర్వాత డబ్బింగులోనే.

ఆ షాటులో హీరో పూజగదిలోంచి వచ్చి తల్లి పాదాలకు దండం పెడితే, ఆవిడ దీవించాలి. తల్లి వేషానికి వచ్చినావిడ పాత నటి. తెర మీద ఎందరు హీరోలకు అమ్మో లెక్కలేదు. మా ఇంట్లో అందరం ఆవిడ ఏడుస్తుంటే ఏడ్చినవాళ్లమే. అలాంటావిడ ఒక మూల అట్ట సింహాసనం పక్కన మడతకుర్చీలో ఒంటరిగా కూర్చుని ఉన్నారు. అందరూ ఆవిడకు నమస్కారం పెట్టి పక్కకు పోతున్నారే తప్ప ఎవరూ నిలబడి మాట్లాడటం లేదు. నాకది వింతగా అనిపించింది.

నన్ను చూసి పిలిచారు.

“ఏమ్మా, నువ్వేం చేస్తున్నావు ఈ సినిమాలో?”

“సినిమాలో కాదండీ. ఆ ఇంజను మాది. దానికిచ్చే గ్యాసు నేను పరీక్ష చేస్తాను.”

“ఏం గ్యాసు?”

“సముద్రపు నాచుతో తీసిందండీ.”

ఆవిడ నవ్వారు. “నేనూ ఒడ్డు దానినే. నాచు మీద జారి చిన్నప్పుడు పన్ను విరగ్గొట్టుకున్నాను. దాన్ని వెలిగిస్తున్నారా మీరు? నయం, కక్ష తీరింది.”

అంతలో పిలుపొచ్చింది. ఆవిడ చీర సర్దుకుని తన చోటుకి వెళ్లి నిలబడ్డారు. మేస్త్రి బయట డ్రమ్ము దగ్గర. సారు ఇంజను దగ్గర. ఇంజను అందుకుంది, బేబీ లైటు తెల్లగా వెలిగింది, డిస్ట్రిబ్యూటర్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నాకు కళ్లు చెమర్చాయి.

అప్పుడు నిర్మాతగారు రెండు చేతులా బంతిపూల దండ మోసుకుంటూ వచ్చారు. హారతి లేదన్న లోటు పూలతో తీర్చాలని ప్రత్యేకంగా కట్టించారట. నా చేయంత లావుంది, ఒక్క సందు లేకుండా కట్టారు. దాన్ని భక్తిగా ఇంజను మీద వేసి, కళ్లకద్దుకుని, కెమెరా దగ్గరికి వెళ్లి కళ్లు మూసుకుని నిలబడ్డారు.

ఇంజను గాలి పీల్చుకునే మూతి సరిగ్గా ఆ దండ కింద ఉంది.

మొదట రెండు రేకులు లోపలికి పోయాయి. తర్వాత దండే ఆ మూతికి అతుక్కుపోయింది. ఇంజను చప్పుడు మారింది, దగ్గుతున్నట్టు. లైటు తెలుపు తగ్గి పసుపుకు దిగుతోంది. లైట్‌మన్ తలెత్తి చూశాడు. పంతులుగారు గడియారం చూసి, ఘడియ ఇంకా రాలేదు, కాస్త ఆగండి అన్నారు.

సారు చూశారు. దండ మీదికి చేయి చాపారు. పక్కనే ఉన్న మేనేజరుగారు ఆ చేయి పట్టుకున్నారు.

“ఏం చేస్తున్నారండీ? అయ్యగారు స్వయంగా వేసిన దండ. షాటు కాకముందే తీస్తే అపశకునం కాదూ?”

“దానికి గాలి ఆడ్తలేదయ్యా. తియ్యనీ” అన్నారు సారు, గొంతు తగ్గించి. గట్టిగా అంటే డిస్ట్రిబ్యూటర్లు వింటారు. ముహూర్తంలో గొడవ అయితే అది ఇంకో అపశకునం.

“గ్యాసు పెంచండి, సరిపోతుంది.”

“పెంచితే గాలి చాలక ఇంకా త్వరగా ఆగిపోతుందండీ. దండ తీస్తే చాలు” అన్నాను నేను.

“నువ్వుండు అమ్మాయ్” అన్నారాయన, నా వైపు చూడకుండా.

సారు చేయి ఇంకా ఆయన చేతిలోనే ఉంది. సారు మొహం చూశాను. ఆ మొహం వర్ణించడం నాకు ఇష్టం లేదు. నా చేయి నేను చాపితే నన్నూ ఆపుతారు, గొడవ అందరి కళ్లలో పడుతుంది. ఏం చేయాలో తోచక అటూ ఇటూ చూశాను. నాలుగు అడుగుల దూరంలో ఆ నటి, తన చోటులో నిలబడి ఉన్నారు. ఎందుకో నా కాళ్లు అటు నడిచాయి.

“అమ్మా, ఇంజను మీద దండ తీయాలి. దానికి ఊపిరాడటం లేదు. తీయకపోతే షాటు మధ్యలో లైటు ఆరిపోతుంది. వాళ్లు తీయనివ్వడం లేదు” అన్నాను మెల్లగా.

ఆవిడ లైటు వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు.

“తీస్తే వెలుగుతుందా?”

“వెలుగుతుంది.”

ఇంకేమీ అడగలేదు. కొంగు భుజం మీదికి లాక్కుని, ఇంజను దగ్గరికి నడిచారు. అది మామూలు నడక కాదు, తెర మీద మేమందరం చూసిన ఆ అమ్మ నడక. జనం తమకు తెలియకుండానే పక్కకు తప్పుకున్నారు. మైకు లేకుండా షెడ్డు చివరిదాకా వినపడే గొంతుతో ఆవిడ మాట్లాడారు.

“పెద్దలందరూ ఒక్క మాట వినాలి. ఈ వెలుగు సముద్రంలో పుట్టిందట. దాన్ని ఈ కొండ మీదికి తెచ్చిన పెద్దాయన ఖాళీ మెడతో నిలబడి ఉన్నారు. అది మనకు మర్యాద కాదు. గుళ్లో దేవుడి మెడలో దండ తీసి యోగ్యుడి మెడలో వేస్తారు. ఇక్కడా ఆ ఆచారం జరగాలి.”

ఇంజనుకు దండం పెట్టారు. రెండు చేతులా దండను ఆ మూతి నుంచి ఒలిచి, కళ్లకద్దుకుని, మా సారు మెడలో వేశారు.

మేనేజరుగారి చేయి సారు మణికట్టును వదిలేసింది. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది ఆయనే. డిస్ట్రిబ్యూటర్లు కొట్టారు. నిర్మాతగారు కళ్లు తెరిచి చూసి, ఇదంతా తన ఏర్పాటే అన్నట్టు చేతులు జోడించారు. ఇంజను రెండుసార్లు దగ్గి, గట్టిగా ఊపిరి తీసుకుని అందుకుంది. లైటు మళ్లీ తెల్లబడింది. పంతులుగారు కానివ్వండి అన్నారు. హీరో వంగి దండం పెట్టాడు, ఆవిడ జయం కలుగుతుంది నాయనా అన్నారు, షాటు అయిపోయింది. లైటు మాత్రం ఫొటోలు తీసుకోవడం, స్వీట్లు పంచడం అన్నీ అయ్యేదాకా వెలుగుతూనే ఉంది.

మేస్త్రి లోపలికి తొంగి చూసి “సారూ, పెండ్లికొడుకు లెక్కున్నరు” అన్నాడు. గుడి ముఖం చూడని మా సారు ఆ దండ భోజనాల దగ్గర కూడా తీయలేదు. పెరుగన్నంలో బంతి రేకులు రాలుతుంటే ఏరి పక్కన పెట్టుకుంటూ తిన్నారు.

నిర్మాతగారు మాట నిలబెట్టుకున్నారు. ఆయనలో ఎన్ని చాదస్తాలున్నా ఆ ఒక్క గుణానికి నేనెప్పుడూ చేతులెత్తి మొక్కుతాను. వాళ్ల ఊరి ఒడ్డున పెద్ద బట్టీ లేచింది. సారు, మేస్త్రి, నేను అక్కడికి వెళ్లాం. తొంభైల్లో కొన్నేళ్లు అది నడిచింది. నిజం చెప్పాలంటే నాచు నూనె, గ్యాసు డీజిలుకు పోటీ రాలేకపోయాయి. కడిగి ఉప్పు తీసిన బొగ్గును మాత్రం, మట్టిలో కలిపితే తడి నిలుస్తుందని, ఇసుక నేలల్లో జీడిమామిడి వేసేవాళ్లు బస్తాలకొద్దీ పట్టుకెళ్లేవారు. సారు రోజూ పొద్దున ప్యాంటు మడిచి నీళ్లలో దిగి నాచు ఏరుకునేవారు. ఓపిక ఉన్నంతకాలం ఆ పనే చేశారు, ఎవరి తలుపూ కొట్టలేదు. ఇక సినిమా ఆడలేదు. దానికి కారణం మా లైటు కాదు, కథ.

కానీ నేను చెప్పాలనుకున్నది ముహూర్తం అయిన మూడో నాలుగో రోజు సంగతి. వెళ్లి ఆవిడకు థాంక్స్ చెప్పి రమ్మని సారు పంపారు. శ్రీనగర్ కాలనీలో ఒక ఇంటి పైభాగంలో అద్దెకు ఉండేవారు. అంత పెద్ద నటి ఇల్లు అలా ఉంటుందనుకోలేదు. హాల్లో చాప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. నన్ను గుర్తుపట్టి, లేచి కాఫీ కలిపి తెచ్చి, మళ్లీ చాప మీద కూర్చున్నారు. నేనూ ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలు అందుకున్నాను.

సారు గురించి చెప్పాను. ఆయన ఉద్యోగం వదులుకుని వచ్చింది, ఆ లైటు ఆరితే ఆయనకు ఏమీ మిగలకపోవడం, అంతా చెప్పాను. మీరు ఆయన బతుకు నిలబెట్టారు అన్నాను.

“అలాగా. నాకు ఆయన సంగతి తెలియదమ్మా” అన్నారు. ఇంకో చిక్కుడుకాయ తీసుకుని, “నన్ను ఐరన్ లెగ్ అంటారు, నీకు తెలుసా?” అన్నారు.

నాకు తెలియదు. నాకప్పుడు ఆ షెడ్డులో ఆవిడ పక్కన ఎవరూ ఎందుకు నిలబడలేదో అర్థమైంది.

“నేను వేషం వేసిన సినిమాలు వరసగా రెండు మధ్యలో ఆగిపోయాయి. ఇంకో సినిమా ముహూర్తంలో కరెంటు పోయింది. ఆ రోజు నేను ఊరికే కూర్చుని ఉన్నాను, అయినా నా పేరే చెప్పారు. అప్పట్నుంచి ఫోను మోగలేదు. చాలాకాలానికి పిలిచిన వేషమిది. ఆ దండ మీద చెయ్యి వేశాక లైటు ఆరి ఉంటే ఎవరూ ఇంజన్ని తిట్టరమ్మా. నాకదే ఆఖరి షాటు.”

నేను చేతిలో చిక్కుడుకాయ కింద పెట్టేశాను.

“అది తెలిసీ ఎందుకు చెయ్యి వేశారమ్మా?”

“నువ్వు చెప్పావుగా.”

“నేనెవరో కూడా మీకు తెలియదు కదా.”

“అందరూ లైటు వైపు చూస్తున్నారు, లేకపోతే నిర్మాత మొహం వైపు. నువ్వు ఇంజను వైపు చూస్తున్నావు. వెలుగుతుందా అని అడిగితే, వెలగొచ్చండీ అనలేదు. వెలుగుతుంది అన్నావు. ఇన్నేళ్లూ ఎవరెవరో డైరెక్టర్లు చెప్పారని ఏడ్చాను, నవ్వాను. పని తెలిసిన పిల్లవి, నువ్వు చెబితే ఒక దండ తీయలేనా?”

థాంక్స్ చెప్పడానికి వెళ్లినదాన్ని, ఆ చాప మీదే ఆవిడ ఒళ్లో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఆవిడ నా వీపు మీద చెయ్యి వేసి నిమిరారు.

“లే అమ్మా, కాఫీ చల్లారిపోతోంది” అన్నారు.